రిజిస్టర్ నుంచి ప్రిస్క్రిప్షన్ దాకా: మన మానసిక వైద్యులు ఎల్‌జీబీటీ మనుషుల గురించి ఏం చదువుకున్నారు?

ఈ ఎపిసోడ్ కోహీర్‌లో, మా ఇంటి పై గదిలో రికార్డు చేస్తున్నా. ఫ్యాన్ శబ్దం లేదు, గమనించారా? చలికాలం కదా. తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రత ఎక్కడ అని టీవీలో చెప్పేటప్పుడు మా ఊరి పేరు తరచుగా వస్తుంటది. జామకాయలకి, చలికి, ఈ రెండింటికే మా ఊరు బయటివాళ్ళకి తెలుసు.

పోయిన నెల నిజాం కాలపు పోలీసు వ్యవస్థ మీద ఎపిసోడ్ చేసినప్పుడు ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. సైకాలజీ పీజీ చదువుతోంది. "అన్నా, రేపు నా దగ్గరికి ఒక గే అబ్బాయో, ట్రాన్స్ అమ్మాయో వస్తే ఏం మాట్లాడాలో మా సిలబస్‌లో సరిగ్గా లేదు. మన దగ్గర ఇది ఎప్పటినుంచి ఇట్లనే ఉంది?" అని అడిగింది. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత నాకు లేదు. నేను బీటెక్ చదివి కొన్నేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి. రెండో ప్రశ్న మాత్రం చరిత్ర ప్రశ్న. దాని మీద పని చేయడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. ముందు అది చెప్తా.

2017 డిసెంబరు. ఇంజనీరింగ్ హాస్టల్‌లో నా రూమ్‌మేట్ ఒక రాత్రి, లైట్లు ఆపేసినంక, తనకి అబ్బాయిలంటేనే ఇష్టం అని చెప్పిండు. అప్పటికి చాలా రోజులుగా నిద్ర లేదు, సరిగ్గా తిండి లేదు. ఆ ఊరు, ఆ కాలేజీ ఏదో చెప్పను. కోహీర్ నా ఊరు, అతనిది కాదు. నేను పెద్ద తెలిసినవాణ్ణి లెక్క "డాక్టర్‌ని కలువురా, వాళ్ళు చూసుకుంటరు" అన్నా. హైదరాబాద్‌లో ఒక మానసిక వైద్యుణ్ణి ఆన్‌లైన్‌లో వెతికి, అపాయింట్‌మెంట్ కూడా నేనే బుక్ చేసిన. రేటింగ్ చూసి. హోటల్ ఎంచుకున్నట్టు.

రెండోసారి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల్ని తీసుకురమ్మన్నారట. నిద్ర గురించి మాట్లాడతారు అనుకున్నాడు వాడు. గదిలో కూర్చోగానే డాక్టర్ వాళ్ళ నాన్నతో విషయం మొత్తం చెప్పేశారు. ఏ రోజు చెప్పాలి, ఎట్లా చెప్పాలి, అసలు చెప్పాలా వద్దా అని వాడు ఏళ్ళుగా లెక్కలేసుకున్న మాట రెండు నిమిషాల్లో వేరే మనిషి నోటి నుంచి వచ్చేసింది. ఫైల్ మీద "సర్దుబాటు సమస్య" అనే అర్థం వచ్చే రెండు ఇంగ్లీషు ముక్కలు, ఒక నెలకి మాత్రలు, "డిగ్రీ అయినంక పెళ్ళి చేయండి, సెట్ అయితడు" అనే సలహా. ఆ సాయంత్రం వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది. "బిడ్డా, నీకు ముందే ఎరుకనా?" అని అడిగింది. అంతే. నాకు నోరు రాలేదు.

ఇన్నాళ్ళూ నేను ఆ డాక్టర్‌ని తిట్టుకున్నా. తర్వాత చదవడం మొదలుపెడితే ప్రశ్న మారింది. ఆయన ఆ మాటలు ఎక్కడ నేర్చుకున్నారు? ఎవరో ఒకరు నేర్పకుండా ఎవరికీ ఏదీ రాదు కదా.

సరే, వెనక్కి పోదాం. మా కోహీర్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, నిన్నమొన్నటిదాకా మెదక్, 1956కి ముందు బీదర్ జిల్లా. అంటే నిజాం రాజ్యం. ఆ రాజ్యంలో ఫస్లీ 1329లో, మన లెక్కలో 1919 ప్రాంతంలో, ఒక చట్టం వచ్చింది. దాని ఇంగ్లీషు పేరులో వాడింది 'యూనక్' అనే మాట. తెలుగులో నపుంసకుల చట్టం అనుకోండి. ఆ మాట వాడటం నాకు ఇష్టం లేదు, కానీ చట్టం పేరే అది.

అందులో ఏముందంటే, హైదరాబాద్ నగరంలోనూ, ప్రభుత్వం ప్రకటించిన ఇతర చోట్లా ఉండే ఇలాంటి మనుషుల పేర్లు, చిరునామాలతో ఒక రిజిస్టర్ పెట్టాలి. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారనో, 'అసహజ నేరాలు' చేస్తున్నారనో అనుమానం ఉంటే చాలు, ఆ రిజిస్టర్‌లో పేరు ఎక్కుతుంది. నేరం రుజువు కానక్కర్లేదు. పేరు ఎక్కినంక ఆడవాళ్ళ బట్టల్లో, నగల్లో వీధిలో కనపడితే వారెంట్ లేకుండా అరెస్టు. బహిరంగంగా ఆడినా, పాడినా అంతే. శిక్ష రెండేళ్ళ వరకు జైలు. పదహారేళ్ళలోపు అబ్బాయిని ఇంట్లో ఉంచుకుంటే అదీ నేరమే. ఇంట్లోంచి గెంటేసిన పిల్లల్ని చేరదీసేది ఎక్కువగా హిజ్రా ఇళ్ళే. ఆ ఇల్లు నడపడమే నేరమైంది.

ఈ చట్టం నిజాం సర్కారు సొంత బుర్రలోంచి పుట్టలేదు. 1871లో బ్రిటిష్ వాళ్ళు తెచ్చిన నేరస్థ తెగల చట్టంలో రెండో భాగం అచ్చం ఇదే. మనకి ఆ చట్టం ఎరుకల, యానాది వాళ్ళ మీద జరిగిన అన్యాయంగా బాగా తెలుసు. అందులో హిజ్రాల మీద ఒక భాగం ఉందని చాలామందికి తెలియదు. ఇంకో వింత, బ్రిటిష్ ఇండియా ఆ రెండో భాగాన్ని 1911లో వదిలేసింది. వాళ్ళు పారేసినదాన్ని మనవాళ్ళు ఎనిమిదేళ్ళకి తెచ్చి పెట్టుకున్నారు. కాపీ పేస్ట్ అనేది కంప్యూటర్‌తో రాలేదు ఫ్రెండ్స్.

ఈ చట్టంలో నన్ను ఆపేసిన వాక్యం నిర్వచనంలో ఉంది. ఎవరు ఈ 'యూనక్' అంటే, తానే ఒప్పుకున్న మగమనిషి, లేదా వైద్య పరీక్షలో అలా స్పష్టంగా కనిపించిన మగమనిషి. వైద్య పరీక్ష! అంటే మన ప్రాంతపు చట్టంలో ఈ మనుషుల పక్కన డాక్టర్ అనే మనిషి కనపడేది ఇట్లా. మందిచ్చేవాడిగా కాదు, వినేవాడిగా అసలే కాదు. పోలీసుల కోసం బట్టలిప్పించి చూసి సంతకం పెట్టేవాడిగా. క్లయింట్ అనే మాటకి చాలా దూరంలో మొదలయింది ఈ సంబంధం.

అదే సమయంలో ఊళ్ళల్లో ఇంకో లోకం నడుస్తూనే ఉంది. మా వైపు, కర్ణాటక సరిహద్దు కదా, ఎల్లమ్మ పేరు మీద చీర కట్టుకునే జోగప్పల్ని మా తాతల కాలం నుంచి చూస్తున్నరు. దండం పెడతరు, బియ్యం పోస్తరు. అదే జనం తమ ఇంట్లో పిల్లవాడు అట్లా నడిస్తే కొడతరు. దేవుడి పేరు మీద ఉన్న మర్యాద మనిషి పేరు మీద రాలేదు. దీని గురించి వేరే ఎపిసోడ్ చేయాలి, ఇప్పుడు ముందుకి పోదాం.

ఇక మనోవైద్యం. నిజాం కాలంలో జాల్నాలో ఉన్న మానసిక ఆసుపత్రే తర్వాత ఎర్రగడ్డకి మారింది. తెలంగాణలో 'ఎర్రగడ్డ' అనేది ఒక తిట్టు, మీకు తెలుసు. "వీణ్ణి ఎర్రగడ్డకి తోలాలె" అంటరు. ఆ తిట్టు వింటూ పెరిగిన మనిషి, తనలో ఏదో తేడా ఉందని అనుకుంటున్న మనిషి, సైకియాట్రిస్ట్ అనే బోర్డు కింద నిలబడటానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. నా రూమ్‌మేట్ ఆ ధైర్యం చేసిండు.

అక్కడ కూర్చున్న డాక్టర్ చేతిలో ఏ పుస్తకం ఉంది? దానికి కాసేపు అమెరికా పోవాలి, ఎందుకంటే మన పుస్తకాలు అక్కడి నుంచే వచ్చాయి.

1952లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ జబ్బుల జాబితా మొదటిసారి అచ్చు వేసింది, డీఎస్ఎం అంటారు. అందులో స్వలింగ ఆకర్షణ ఒక వ్యక్తిత్వ రుగ్మత. ఎట్లా తేల్చారు? డాక్టర్లు చూసిన స్వలింగ ప్రేమికులంతా ఆసుపత్రుల్లో, జైళ్ళలో ఉన్నవాళ్ళు. ఆసుపత్రిలో కూర్చుని చూస్తే ప్రపంచమంతా రోగులే కనిపిస్తారు. డేటా తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, శాంపిలే తప్పు.

ఆ తప్పుని పట్టుకున్నది ఈవ్లిన్ హుకర్ అనే సైకాలజిస్ట్. లాస్ ఏంజెలెస్‌లో పాఠాలు చెప్పేది. ఆమె దగ్గర చదువుకున్న ఒక విద్యార్థి గే. తన స్నేహితుల్ని పరిచయం చేసి, "మా లాంటివాళ్ళ మీద పరిశోధన చేయండి, మేము డాక్టర్ల దగ్గరికి పోయేవాళ్ళం కాదు" అనే ధోరణిలో ఆమెని వదలకుండా అడిగాడు. ఆమె ముప్ఫై మంది గే మగవాళ్ళని, ముప్ఫై మంది ఇతర మగవాళ్ళని తీసుకుంది, ఎవరూ చికిత్సలో ఉన్నవాళ్ళు కాదు. సిరా మరకలు చూపించి ఏం కనపడుతోందని అడిగే రోర్షాక్ పరీక్షతో సహా మూడు పరీక్షలు పెట్టింది. పేర్లు తీసేసి ఆ ఫలితాలని పేరున్న నిపుణుల ముందు పెట్టింది. ఇందులో ఎవరు గే, చెప్పండి అని. వాళ్ళు చెప్పలేకపోయారు. 1957లో ఆ పేపర్ వచ్చింది. జబ్బు అన్నప్పుడు జబ్బు లక్షణం కనపడాలి కదా? నిపుణులకే కనపడలేదు.

అయినా జాబితా నుంచి తీయడానికి ఇంకో 16 ఏళ్ళు పట్టింది. 1972లో డాలస్‌లో మనోవైద్యుల వార్షిక సభ. వేదిక మీదికి ఒక మనిషి ముఖానికి రబ్బరు మాస్క్, తలకి విగ్గు, తన సైజు కాని పెద్ద సూటు, గొంతు మార్చే మైకుతో వచ్చి కూర్చున్నాడు. కార్డు మీద పేరు 'డాక్టర్ హెచ్. అనానిమస్'. నేను హోమోసెక్సువల్‌ని, నేను సైకియాట్రిస్ట్‌ని అని తోటి డాక్టర్లకి చెప్పాడు. ఆయన అసలు పేరు జాన్ ఫ్రయర్. గే అని తెలిసి అప్పటికే ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. ఆ గదిలో అలాంటి డాక్టర్లు ఇంకా చాలామంది ఉన్నారనేది ఆయన మాటల్లో అసలు విషయం. 1973 డిసెంబరులో ఆ సంస్థ పాలకమండలి స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ఒప్పుకోనివాళ్ళు సభ్యులందరి ఓటింగ్ పెట్టించారు. 1974లో 58 శాతం మంది తీసేయడమే సరి అన్నారు. "ఓట్లేసి సైన్స్ మార్చారు" అని ఇప్పటికీ యూట్యూబ్‌లో కొందరు అంటుంటారు. ఓటింగ్ అడిగింది మార్పు వద్దన్నవాళ్ళు. ఓడిపోయారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న ఇదే పని చేసింది. కానీ ఆ కొత్త జాబితాలో, ఐసీడీ-10లో, ఒక కిటికీ తెరిచే ఉంచారు. మనిషి ఇష్టం దానికదే జబ్బు కాదు, కానీ ఆ మనిషి దాంతో బాధపడుతూ మార్చుకోవాలని కోరుకుంటే అప్పుడు ఒక కోడ్ ఉండేది. 'ఈగో డిస్టోనిక్' అంటారు. పైకి చూస్తే న్యాయంగానే ఉంది. పేషెంటే అడుగుతున్నాడు కదా, మార్చండి అని.

ఇక్కడ కొంచెం ఆగుదాం, మన దేశంలో మొత్తం కథ ఈ కిటికీలోంచే నడిచింది. 377 సెక్షన్ ఉండేది. ఇంట్లో చెల్లెలికి పెళ్ళి కావాలి. బంధువులకి తెలిస్తే నాన్న ఊళ్ళో తలెత్తుకోలేడు. సినిమాలో కమెడియన్ 'తేడా' అనగానే హాలంతా నవ్వుతోంది. ఇట్లాంటి చోట పుట్టిన పిల్లగాడు డాక్టర్ ముందు కూర్చుని "నన్ను మార్చండి సార్" అనడా? అంటడు. నా రూమ్‌మేట్ కూడా అన్నడు, మొదటి రోజే అన్నడు. ఆ కోరిక వాడి లోపల పుట్టిందా, బయటి నుంచి వాడి లోపలికి పోయిందా అని అడగడమే మానసిక వైద్యుడి పని అని నేను అనుకుంటా. మన దగ్గర చాలామంది ఆ ప్రశ్న అడగకుండా మార్చే పని మొదలుపెట్టారు.

1970ల్లో, 80ల్లో మన మనోవైద్య పత్రికల్లో దీని మీద పేపర్లే ఉన్నాయి. మగవాళ్ళ బొమ్మలు చూపించి చిన్నగా కరెంటు షాక్, ఆడవాళ్ళ బొమ్మ చూపించినప్పుడు షాక్ ఆపడం. దీన్ని బిహేవియర్ థెరపీ అన్నారు. రాసినవాళ్ళు రాక్షసులు కాదు, పేషెంట్‌కి మేలు చేస్తున్నాం అనే నమ్మకంతో రాశారు. నన్ను భయపెట్టేది అదే. 2001లో ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఇలాంటి చికిత్స పొందిన వ్యక్తి తరఫున నాజ్ ఫౌండేషన్ జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. కమిషన్ తీసుకోలేదు. 377 ఉన్నంతకాలం మేమేం చేయలేం అన్నట్టుగా పక్కన పెట్టింది. కోర్టు డాక్టర్‌ని చూపిస్తుంది, డాక్టర్ చట్టాన్ని చూపిస్తాడు. ఇద్దరి మధ్య మనిషి.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని మనం మర్చిపోతాం. ఎంబీబీఎస్‌లో ప్రతి డాక్టరూ చదివేది ఫోరెన్సిక్ మెడిసిన్. సైకియాట్రీ క్లాసులు కొద్ది. ఫోరెన్సిక్ పుస్తకంలో స్వలింగ సంబంధాలు 'అసహజ లైంగిక నేరాలు' అనే అధ్యాయంలో, పరీక్ష ఎట్లా చేయాలనే వివరాలతో ఉండేవి. అంటే 1919 చట్టంలో డాక్టర్ ఏ కుర్చీలో కూర్చున్నాడో, వందేళ్ళ తర్వాత మెడికల్ విద్యార్థిని అదే కుర్చీలో కూర్చోబెట్టి పాఠం చెప్పారు. నా రూమ్‌మేట్‌ని చూసిన డాక్టర్ కూడా ఇరవై ఏళ్ళ వయసులో ఈ పాఠానికి మార్కులు తెచ్చుకునే ఉంటారు.

ఇప్పుడు తేదీలు కొంచెం జాగ్రత్తగా వినండి. 2009లో ఢిల్లీ హైకోర్టు 377ని సడలించింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ బిగించింది. 2014 ఏప్రిల్‌లో నల్సా తీర్పు, ట్రాన్స్ మనుషులు తమ జెండర్ తామే చెప్పుకోవచ్చు అంది. 2017 ఏప్రిల్‌లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. అందులో మూడు విషయాలు మనకి ముఖ్యం. ఒక మనిషి సమాజపు నీతులకి, కట్టుబాట్లకి తగ్గట్టు లేడని అతన్ని మానసిక రోగి అనకూడదు. లైంగికత కారణంగా చికిత్సలో వివక్ష చూపకూడదు. పేషెంట్ చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచాలి. నేను ఇది చదివినప్పుడు వెంటనే చూసింది అమలు తేదీ. 2018 మధ్యలో. నా రూమ్‌మేట్ గది తలుపు తెరిచింది 2017 డిసెంబరులో. చట్టం అప్పటికి అచ్చయి ఉంది, అమల్లో లేదు. అయితే గోప్యత అనేది చట్టం వచ్చేదాకా ఆగాల్సిన విషయం కాదు, డాక్టర్ల సొంత నియమావళిలో ఎప్పటినుంచో ఉంది. ఇరవై ఏళ్ళ మగపిల్లవాడు మధుమేహంతో వస్తే అమ్మానాన్నల ముందు అడిగి చెప్తారు. ఇది వస్తే అడగకుండా చెప్తారు. ఎందుకంటే ఇది వాడి విషయం అని కాదు, కుటుంబం విషయం అని వాళ్ళ మనసులో ఉంది.

2018లో భారతీయ మనోవైద్యుల సంఘం బహిరంగంగా చెప్పింది, ఇది జబ్బు కాదు అని. అమెరికా వాళ్ళు చెప్పిన 45 ఏళ్ళకి. లేటే, కానీ చెప్పారు. ఆ సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు నవ్‌తేజ్ జోహార్ కేసులో 377ని పెద్దవాళ్ళ సమ్మతి ఉన్న సంబంధాలకి తొలగించింది. ఆ తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ కౌన్సెలర్ల గురించి కూడా రాశారు. క్లయింట్‌ని మారమని ప్రోత్సహించడం కాదు, తాను ఉన్నట్టుగా హాయిగా బతకడానికి తోడుండటం మీద కౌన్సెలింగ్ దృష్టి పెట్టాలని దాని భావం. మా హాస్టల్ వాళ్ళం అప్పటికి ఉద్యోగాల్లో చేరినం. నా రూమ్‌మేట్ అప్పటికి నాతో మాట్లాడటం మానేసి చాలా నెలలైంది.

నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం మద్రాసు హైకోర్టుది. ఇద్దరు అమ్మాయిలు మధురై నుంచి పారిపోయి చెన్నై వచ్చి రక్షణ అడిగారు. కేసు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ దగ్గరికి వచ్చింది. ఆయన ఏం చేశారంటే, ఈ విషయం మీద తనకి అవగాహన చాలదని ఉత్తర్వులోనే రాసి, తీర్పు ఇచ్చేముందు తానే ఒక సైకాలజిస్ట్ దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. తర్వాత 2021 జూన్ 7న, మనుషుల్ని 'మార్చే' చికిత్సలు నిషేధించాలని, చేసేవాళ్ళ మీద చర్య తీసుకోవాలని ఆదేశించారు. దాని ఫలితంగానే 2022 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కన్వర్షన్ థెరపీని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఒక హైకోర్టు జడ్జి "నాకు తెలియదు, నేర్పండి" అనగలిగినప్పుడు, అదే మాట అనడానికి నెల జీతం తీసుకునే కౌన్సెలర్‌కి ఏం అడ్డం?

కథ సుఖాంతం అనుకోకండి. అదే వైద్య కమిషన్ 2024 ఆగస్టు చివర్లో కొత్త సిలబస్ విడుదల చేస్తే, ఫోరెన్సిక్‌లో స్వలింగ సంబంధాలు మళ్ళీ 'అసహజ నేరాల' కింద ప్రత్యక్షమయ్యాయి. గొడవయ్యాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. మా సాఫ్ట్‌వేర్‌లో దీన్ని రిగ్రెషన్ అంటాం. సరిచేసిన తప్పు కొత్త వెర్షన్‌తో మళ్ళీ తిరిగొస్తుంది. ఎందుకొస్తుందంటే, ఎవరో పాత ఫైల్‌ని తీసి మళ్ళీ వాడతారు.

మన 1919 చట్టం ఏమయిందని అడుగుతారు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి విడిపోయింది. చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ పుస్తకంలో ఉండిపోయింది. 2018లో వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు హైకోర్టుకి పోయారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు, చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం, అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. 104 ఏళ్ళు బతికింది ఆ చట్టం. ఆసరా పెన్షన్ ట్రాన్స్ మనుషులకి కూడా ఇవ్వాలని కోర్టు చెప్పింది. దాని ముందు ఏడాది, 2022లో, ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్, ఉస్మానియా ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరారు. చట్టం లెక్కలో డాక్టర్ పరీక్షించాల్సిన మనిషే డాక్టర్ కుర్చీలో కూర్చుంది. అప్పటికి ఆ చట్టం ఇంకా పుస్తకంలోనే ఉంది, చూడండి.

ఇక చెల్లెలి మొదటి ప్రశ్నకి దగ్గరగా ఉన్న విషయం ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. 2021 జనవరిలో నారాయణగూడలో 'మిత్ర్' క్లినిక్ మొదలైంది. అమెరికా నిధులతో నడిచిన, ట్రాన్స్ మనుషుల కోసం దేశంలో ఇలాంటి మొదటి క్లినిక్. అందులో పనిచేసినవాళ్ళలో ట్రాన్స్ మనుషులే ఎక్కువ. హార్మోన్ల సలహా, హెచ్ఐవీ పరీక్షలు, మానసిక కౌన్సెలింగ్, అన్నీ ఒకే కప్పు కింద. పేరు ఏమని పిలవాలి అని లోపలికి రాగానే అడిగే చోటు, ముందున్న పత్రం మీది పేరు గట్టిగా పిలవని చోటు. ఇది చిన్న విషయం అనిపిస్తుంది. పెద్దాసుపత్రిలో ఓపీ కిటికీ దగ్గర వంద మంది ముందు పాత పేరు పిలిస్తే లేచి నిలబడటం ఎట్లుంటదో తెలిసినవాళ్ళకి చిన్నది కాదు. ట్రాన్స్ మనుషులకి మనోవైద్యుడితో ఇంకో చిక్కు ఉంది. సర్జరీకి ఆయన ఉత్తరం కావాలి. ఉత్తరం ఇచ్చే మనిషి ముందు ఎవరైనా తమ అనుమానాలు, దిగులు, తాగుడు, ఆత్మహత్య ఆలోచన నిజంగా చెప్తారా? సంతకం ఆగిపోతుందని దాచుకుంటారు. సాయం అవసరమైన విషయమే చెప్పలేని పరిస్థితి. అదే మాట తమలాంటి కౌన్సెలర్‌తో చెప్పగలరు.

2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసింది. క్లినిక్ మూతపడింది. వాషింగ్టన్‌లో ఒక సంతకం, నారాయణగూడలో తాళం. తర్వాత అదే ఏడాది టాటా ట్రస్ట్స్ సాయంతో 'సబ్రంగ్' పేరుతో మళ్ళీ తెరిచారు. సంతోషమే. మా కోహీర్ నుంచి అది సుమారు వంద కిలోమీటర్లు. బస్సు చార్జీ, ఒక రోజు కూలి, ఇంట్లో చెప్పడానికి ఒక అబద్ధం. మూడూ ఉన్నవాళ్ళకే అది అందుతుంది. మిగతావాళ్ళకి ఊళ్ళో ఉన్నది పీహెచ్‌సీ, లేకుంటే ఫోన్. 2022 అక్టోబరు నుంచి కేంద్రం నడుపుతున్న టెలిమానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు అక్కర్లేదు. అటు వైపు ఫోన్ ఎత్తే మనిషికి ఎంత తెలుసు అన్నదే చెల్లెలు అడిగిన ప్రశ్న.

నేర్పేవాళ్ళు లేకపోలేదు. ముంబయిలో మరివాలా హెల్త్ ఇనిషియేటివ్ 2019 నుంచి కౌన్సెలర్ల కోసం క్వీర్ అఫర్మేటివ్ కోర్సు నడుపుతోంది, పాఠం చెప్పేది క్వీర్ మనుషులే. ఇలాంటిది తెలుగులో, జిల్లా కేంద్రాల్లో రావాలి. క్వీర్ అంటే తెలుగులో ఏమనాలో కూడా మనకింకా తేలలేదు. ఇంగ్లీషు రాని అమ్మాయి "నాకు అమ్మాయిలంటే ఇష్టం" అని తెలుగులో చెప్తే, పక్కింటి అమ్మాయితో స్నేహం అనుకుని నవ్వేసే కౌన్సెలర్లు ఉన్నారు. అటు పక్క, అబ్బాయి ఉద్యోగం పోయి దిగులుతో వస్తే, గే అని తెలియగానే మొత్తం గంట దాని గురించే మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. వాడికి ఈఎంఐ భయం కూడా ఉంటది కదా అమ్మా.

నా రూమ్‌మేట్ రెండేళ్ళ కింద మళ్ళీ ఫోన్ చేసిండు. పెళ్ళి కాలేదు. మాత్రలు అప్పట్లోనే, రెండు వారాలకే మానేశాడట, నాకు చెప్పలేదు. ఈ స్క్రిప్ట్ మొత్తం అతనికి పంపి, ఒప్పుకున్నంకే రికార్డు చేస్తున్నా. చివర్లో నేను "ఇప్పుడు అతను బాగున్నాడు" అని రాసిన. ఆ వాక్యం తీసేయమన్నడు. "బాగున్ననో లేదో నువ్వెందుకు చెప్తవ్, మళ్ళా?" అన్నడు. తీసేసిన.

వచ్చే ఎపిసోడ్ జోగప్పల మీద, సౌదత్తి నుంచి. కామెంట్లలో మీ అనుభవం రాస్తే ఊరి పేరు, డాక్టర్ పేరు, ఇంకొకరి పేరు రాయకండి, చదివి నేనే తీసేస్తా. ఉంటా.